తాడు విప్పే ముందు రెండు నిమిషాలు

హుస్సేన్ సాగర్ మీద పర్యాటకుల పడవలు నడిపించే అధికారులకు, ఇక్కడ విందు పడవలు నడపాలని ఆలోచిస్తున్న వ్యాపారులకు, జెట్టీ దగ్గర తాడు కట్టి విప్పే అన్నదమ్ములకు,

నమస్కారం.

నేను కవాడిగూడలో ఉంటాను. పుట్టింది రాజమండ్రిలో. మా నాన్న గోదావరి మీద లాంచీ సరంగు. పాపికొండల దాకా, నీళ్లు బాగుంటే ఇంకా పైకి కూనవరం దాకా నడిపేవారు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి ఇంట్లో నీళ్ల మాటలే. ఇవాళ ఏరు ఎంత పారుతోంది, ఏ లంక దగ్గర ఇసుక మేట వేసింది, ఏ మలుపులో సుడి తిరుగుతోంది, ఇవే కబుర్లు. 1989లో కాపురానికి హైదరాబాద్ వచ్చినప్పుడు ఈ ఊళ్లో నాకు మొదట చుట్టమైంది ట్యాంక్‌బండే. గోదావరి కాకపోయినా నీళ్లు కదా. సాయంత్రం పూట వెళ్లి ఆ గట్టు మీద కూర్చుంటే పుట్టింటి గాలి తగిలినట్టుండేది.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, పడవలు వద్దనే మనిషిని కానని మీకు ముందే తెలియాలి. హుస్సేన్ సాగర్ మీద పడవలో కూర్చుని భోజనం చేస్తూ తిరగొచ్చంటే నాకంటే సంతోషించేవాళ్లు ఉండరు. నీళ్ల మీద నుంచి చూస్తేనే ఈ ఊరు మొత్తం ఒక్క చూపులో కనిపిస్తుంది. గట్టు మీద నిలబడితే ఒక పక్క హైదరాబాద్, ఒక పక్క సికింద్రాబాద్. చెరువు మధ్యకి వెళ్తే రెండూ ఒకటైపోతాయి. నౌబత్ పహాడ్ మీద తెల్లగా బిర్లా మందిర్, కొత్త సచివాలయం గుమ్మటాలు, 125 అడుగుల అంబేడ్కర్ విగ్రహం, అమరవీరుల స్మారకం, ఇటు తిరిగితే సంజీవయ్య పార్కులో ఎత్తున ఎగిరే జెండా, వెనక్కి తిరిగితే ట్యాంక్‌బండ్ పొడవునా బారులు తీరిన దీపాలు. దీపాలు పెట్టే వేళకి అదంతా నీళ్లలో తలకిందులుగా వణుకుతూ కనిపిస్తుంది. ఇబ్రహీం కులీ కుతుబ్ షా కాలంలో, 1560ల్లో తవ్వించిన చెరువు ఇది. ఒకప్పుడు ఊరికి తాగునీళ్లు ఇచ్చింది. దాని మీద మన పిల్లలకి ఒక మంచి సాయంత్రం దొరకాలని నేనూ కోరుకుంటాను.

నేను అడిగేది ఒక్కటే. మీ పడవ ఎక్కిన ప్రతి మనిషికీ తాను నీళ్ల మీద ఉన్నానన్న సంగతి తెలిసేలా చేయండి. ఫంక్షన్ హాల్లో ఎలా తిరుగుతామో పడవలో అలా తిరగకూడదు. ఆ మాట ఎక్కినవాళ్లకి ఎవరూ చెప్పడం లేదు.

పోయిన ఏడాది మా వారికి అరవై నిండాయి. పిల్లలు సరదాపడి వేరే ఊళ్లో ఒక విందు పడవలో సీట్లు బుక్ చేశారు. ఏ ఊరో, ఎవరి పడవో చెప్పను. వాళ్ల మీద ఫిర్యాదు చేయడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. రెండంతస్తుల పడవ. పైన డీజే, కింద బఫే. బఫే బల్లలన్నీ ఎడమ పక్కనే గోడకి ఆనించి పెట్టారు. ఎక్కేటప్పుడు టికెట్లు చించారు గానీ మనుషుల్ని లెక్కపెట్టలేదు. నేను లెక్కపెట్టాను, చిన్నప్పటి అలవాటు. చంటిపిల్లలతో కలిపి 94 మంది. లైఫ్ జాకెట్లు ఎక్కడున్నాయని అడిగితే మెట్ల కింద చూపించారు. అన్నింటినీ కలిపి నైలాన్ తాడుతో గట్టిగా మూట కట్టారు. పిల్లల సైజువి ఒక్కటీ లేవు.

అరగంట బాగానే గడిచింది. తర్వాత కుడి ఒడ్డున ఎవరో పెళ్లివాళ్లు బాణసంచా కాల్చడం మొదలుపెట్టారు. పైన డాన్స్ చేస్తున్నవాళ్లంతా ఫోన్లు పట్టుకుని ఒక్కసారిగా కుడి రెయిలింగ్ దగ్గరికి పరిగెత్తారు. కిందవాళ్లూ లేచి అటే వెళ్లారు. పడవ ఒరిగింది. బల్ల మీద గ్లాసులు జారాయి. సాంబారు గిన్నె బోర్లా పడింది. ప్లాస్టిక్ కుర్చీలు వాటంతట అవే నేల మీద జరగడం మొదలుపెట్టాయి. నేను మా మనవరాలిని పొట్టకి హత్తుకుని స్తంభం పట్టుకున్నాను. పడవ కుర్రాడు రెండు చేతులూ ఊపుతూ అరుస్తున్నాడు. డీజే హోరులో అతని నోరు కదలడం కనపడుతోంది గానీ మాట వినపడడం లేదు. జనానికి భయం పుట్టి అందరూ ఒకేసారి ఎడమకి ఉరికారు. ఈసారి పడవ అటు ఒరిగింది, మొదటిసారి కంటే ఎక్కువగా. నా గుండె ఆగినంత పనైంది. మూడో ఊపుకి ఎలాగో నిలదొక్కుకుంది.

దిగాక మేనేజర్‌తో మాట్లాడాను. "ఏం కాలేదు కదమ్మా, టెన్షన్ పడకండి" అన్నాడు. పిల్లలకి ఐస్‌క్రీములు ఇప్పించాడు. మంచి కుర్రాడే. అతనికీ ఎవరూ చెప్పలేదు, అంతే.

మా నాన్న అనేవారు, బరువు కూర్చుంటే పడవ మోస్తుంది, బరువు పరిగెత్తితే మోయలేదు అని. ధాన్యం బస్తాలు అడుగున వేయించేవారు. సంతకి వెళ్లే మేకల్ని ఎక్కిస్తే రెండు పక్కలా సమానంగా కట్టేయించేవారు, ఒక్క మేక కూడా మధ్యలో తిరగడానికి వీల్లేదు. మనుషుల్ని కర్రతో ఒక్కొక్కరి వైపు చూపిస్తూ లెక్కపెట్టేవారు. ఒడిలో పిల్లని తల్లి కొంగు చాటున దాచినా కొంగు తీయించి లెక్కలో వేసేవారు. టికెట్ కోసం అనుకుని ఆవిడ గొడవపడితే, "టికెట్ వద్దమ్మా, లెక్క కావాలి" అనేవారు. అప్పట్లో నాకు అది చాదస్తంలా అనిపించేది.

ఆ చాదస్తం వెనక ఉన్న సంగతి చాలా తేలిక. కూర్చున్నా నిలబడినా మనిషి బరువు ఒకటే. ఆ బరువు ఎంత ఎత్తున ఉందన్నదే తేడా. బరువు పైకి వెళ్లేకొద్దీ, ఒరిగిన పడవ మళ్లీ నిటారుగా లేచే శక్తి తగ్గిపోతుంది. అందుకే కింద అంతస్తులో వందమంది కూర్చోవడం వేరు, పై అంతస్తులో వందమంది గెంతడం వేరు. పడవ అడుగున చేరిన నీళ్లు కూడా ఇలాంటివే. పడవ ఎటు ఒరిగితే అవి అటే పరిగెత్తి ఆ ఒరుగుడుని ఇంకా పెంచుతాయి. పడవ నిండా మనుషులున్నప్పుడు కొంపముంచేది ఎక్కువగా ఈ కదిలే బరువే.

2009 సెప్టెంబరు 30న కేరళలో తేక్కడి దగ్గర పెరియార్ సరస్సులో జలకన్యక అనే రెండంతస్తుల పర్యాటక పడవ బోల్తా పడింది. ఒడ్డున అడవి జంతువులు కనిపించాయని పర్యాటకులు ఒక పక్కకి చేరారని అప్పుడు వార్తల్లో వచ్చింది. 45 మంది చనిపోయారు. ఆ రోజు తుఫాను లేదు, వరద లేదు. సాయంత్రం పూట నిలకడగా ఉన్న సరస్సు అది. జంతువుల్ని చూడాలనుకున్నవాళ్లని తప్పుపట్టలేం, చూడడానికే కదా డబ్బిచ్చి ఎక్కారు. ఒక పక్కకి వెళ్తే ఏమవుతుందో వాళ్లకి తెలియదు.

2019 సెప్టెంబరు 15 సంగతి మీలో ఎవరూ మరిచిపోయి ఉండరు. దేవీపట్నం దాటాక కచ్చులూరు దగ్గర గోదావరి వరద మీద ఉన్న రోజున పర్యాటకుల బోటు మునిగింది. 77 మందిలో 26 మందే బయటపడ్డారు. హైదరాబాద్ నుంచి, వరంగల్ పక్కన కడిపికొండ నుంచి వెళ్లినవాళ్లు అందులో ఉన్నారు. నెల దాటాక కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం ఆ బోటుని బయటికి లాగేదాకా టీవీ ముందు నుంచి నేను కదలలేకపోయాను. అది మా నాన్న ఏళ్ల తరబడి నడిపిన దారి. అప్పటికి ఆయన లేరు. ఉంటే ఆ వార్త విని ఎలా తట్టుకునేవారో తెలియదు. దానికి రెండేళ్ల ముందు, 2017 నవంబరులో, ఇబ్రహీంపట్నం దగ్గర కృష్ణలో పడవ తిరగబడి ఇరవై మందికి పైగా పోయారు. ఎక్కువమంది ఒంగోలు నుంచి వచ్చినవాళ్లు.

ఇవన్నీ నదులు, అడవులు, మనది ఊరి మధ్య చెరువేగా అని కొందరు అంటారు. 2024 జనవరి 18న వడోదర నగరం మధ్యలో హర్ని చెరువులో విహారయాత్రకి వచ్చిన బడిపిల్లల పడవ బోల్తాపడింది. 12 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు చనిపోయారు. పట్టాల్సినవాళ్ల కంటే ఎక్కువమందిని ఎక్కించారు, చాలామంది పిల్లలకి జాకెట్లు లేవు. అది హుస్సేన్ సాగర్ కంటే ఎంతో చిన్న చెరువు. మన చెరువు లోతైన చోట దాదాపు 30 అడుగులు ఉంటుందని అంటారు. రాత్రి చీకటి, అడుగున మెత్తటి బురద, ఒంటి మీద పట్టుచీరలు, ఒడిలో పిల్లలు. ఒడ్డు కనపడుతూనే ఉంటుంది. ఈత రానివాళ్లకి ఒడ్డు కనపడితే ఏం లాభం?

అసలు ఇదంతా మనకి బయటి ఊళ్లు నేర్పాల్సిన పని కూడా లేదు. చెరువు నడుమ నిలబడి ఉన్న బుద్ధుడి కథ వింటే చాలు.

ఆ విగ్రహం రాయగిరి దగ్గర కొండరాతిలోంచి గణపతి స్థపతి గారి ఆధ్వర్యంలో చెక్కిన ఏకశిల. 58 అడుగుల ఎత్తు, వందల టన్నుల బరువు. 1990 మార్చి 10న దాన్ని బార్జి అనే బల్లపరుపు పడవ మీద పెట్టి, చెరువు నడుమ ఇప్పుడు విగ్రహం నిలబడి ఉన్న జిబ్రాల్టర్ రాక్ అనే బండ దగ్గరికి తీసుకెళ్తుంటే, ఒడ్డుకి ఎంతో దూరం వెళ్లకముందే బార్జి ఒరిగింది. విగ్రహం జారి నీళ్లలో పడిపోయింది. మీదున్న పనివాళ్ల ప్రాణాలు పోయాయి. నేను కాపురానికి వచ్చి అప్పటికి ఏడాది అయిందో లేదో. మా వీధి వీధంతా గట్టు మీదకి వెళ్లింది. చూడడానికి ఏమీ లేదు, మామూలుగా కనిపిస్తున్న నీళ్లు, అటు చూసి ఏడుస్తున్న కొందరు మనుషులు. నాన్నకి ఇన్‌లాండ్ లెటర్ రాశాను. ఆయన జవాబులో అందరి క్షేమం అడిగి, చివర ఒక్క వాక్యం రాశారు: "ముందు రాయి జరిగిందా, ముందు బార్జి ఒరిగిందా, ఎవరైనా చూశారేమో కనుక్కో." నాకు కనుక్కునేంత శక్తి ఎక్కడిది. కానీ ఆ ప్రశ్న ఇన్నేళ్లూ నాతోనే ఉంది. ఏది ముందయినా రెండోది ఆగదు. బరువు కొంచెం జరిగితే పడవ ఒరుగుతుంది, పడవ ఒరిగితే బరువు ఇంకా జరుగుతుంది. ఆ విగ్రహాన్ని నీళ్లలోంచి తీసి నిలబెట్టింది 1992 డిసెంబరు 1న.

ఇప్పుడు మీ పడవలన్నీ తిరిగేది ఆ విగ్రహం చుట్టూనే. ఎక్కినవాళ్లంతా ఫోను తీసేది కూడా అక్కడే. లైట్లలో బుద్ధుడు బంగారంలా మెరుస్తుంటే ఎవరు కూర్చుంటారు? అందరూ లేచి ఒకే పక్కకి వెళ్తారు. తేక్కడిలో జంతువులు, నేను ఎక్కిన పడవలో బాణసంచా, మన దగ్గర బుద్ధుడు. అందుకే ఆ చోటు కోసం నేను చాలా ఆలోచించాను. విగ్రహం దగ్గరికి చేరడానికి ముందే మైకులో చెప్పండి: పడవ మెల్లగా తిరుగుతుంది, ముందు కుడిపక్కవాళ్లకి, తర్వాత ఎడమపక్కవాళ్లకి బుద్ధుడు ఎదురుగా కనిపిస్తాడు, ఎవరూ లేవక్కర్లేదు అని. చెప్పినట్టే తిప్పండి. ఇంకో పది నిమిషాల డీజిల్ అవుతుంది, కానివ్వండి. ఆ తిరిగే సమయంలోనే విగ్రహం మునిగిన కథ, తేలిన కథ చెప్పండి. జనం కథ వింటూ కూర్చుంటారు. మంచి కథ చెబితే మనవాళ్లు కదలరు, హరికథ దగ్గర తెల్లవార్లూ కూర్చున్న జనం మనం.

ఇది నేను సొంతంగా కనిపెట్టింది కాదు. మా అబ్బాయి సిడ్నీలో ఉద్యోగం. వాడి దగ్గరికి వెళ్లినప్పుడు డార్లింగ్ హార్బర్ నుంచి బయల్దేరే విందు నౌక ఎక్కించాడు. తాళ్లు విప్పే ముందు ఒక అమ్మాయి వచ్చి జాకెట్లు ఎక్కడున్నాయో, ఎలా వేసుకోవాలో చేత్తో చూపించింది. అందరూ ఎవరి కుర్చీలో వాళ్లు కూర్చున్నారు, వడ్డించేవాళ్లే బల్ల దగ్గరికి వచ్చారు. హార్బర్ బ్రిడ్జి కింద నుంచి వెళ్లి ఆపెరా హౌస్ దగ్గరికి వచ్చేసరికి నౌక నెమ్మదించి అలా గుండ్రంగా తిరిగింది. నేను కిటికీ పక్క నుంచి లేవకుండానే ఆ తెల్లటి రెక్కల్లాంటి కప్పుల్ని తనివితీరా చూశాను. నా పక్కన మా అబ్బాయి ఫొటోలు తీసుకుంటున్నాడు, నేను మాత్రం మన బుద్ధుణ్ణి తలుచుకుంటున్నాను.

భోజనం సంగతి కూడా ఇందులో భాగమే. దయచేసి పడవలో బఫే పెట్టకండి. బఫే అంటే క్యూ, క్యూ అంటే అందరూ ప్లేట్లు పట్టుకుని ఒకే పక్క నిలబడడం. మన ఇళ్లలో బంతి అనే మంచి పద్ధతి ఉంది. రెండు వరసలు ఎదురెదురుగా కూర్చుంటారు, మధ్యలో వడ్డించేవాళ్లు నడుస్తారు. పడవకి ఇంతకంటే సరిపడే ఏర్పాటు లేదు. బరువు రెండు పక్కలా సమానం, మనుషులు కూర్చుని ఉంటారు, వృద్ధులకి ప్లేటు పట్టుకుని నిలబడే అవస్థ ఉండదు. బగారా అన్నం, పచ్చిపులుసు, మక్క గారెలు, సర్వపిండి, చివర్లో కుబానీ కా మీఠానో డబల్ కా మీఠానో వడ్డిస్తే బయటి ఊళ్ల నుంచి వచ్చినవాళ్లకి ఈ ఊరి రుచి తెలుస్తుంది. ఎక్కడ చూసినా దొరికే నూడుల్స్, మంచూరియా కోసం హుస్సేన్ సాగర్ దాకా రావాలా? వంట ఒడ్డున చేసుకుని వేడి డబ్బాల్లో తెచ్చుకోండి. పడవలో గ్యాస్ సిలిండర్ వద్దు. పుట్టినరోజు కేకు మీద చిమ్మే నిప్పురవ్వల కొవ్వొత్తులు కూడా వద్దు. 2025 జనవరి 26 రాత్రి ఇదే చెరువులో బాణసంచా కాలుస్తుండగా రెండు పడవలు తగలబడి ప్రాణాలు పోయాయి. నీళ్ల మధ్యలో నిప్పు అంటుకుంటే మనిషికి పారిపోయే చోటు ఉండదు.

పాటలు పెట్టండి, నేను వద్దనను. కానీ పై అంతస్తులో డాన్స్ ఫ్లోర్ వద్దు, కుర్రాడి అరుపు వినపడనంత శబ్దం వద్దు. ఒక్క మీట నొక్కితే పాట ఆగిపోయి సరంగు గొంతు పడవంతా వినపడాలి. కుర్చీలూ బల్లలూ నేలకి బిగించి ఉండాలి.

జాకెట్ల విషయంలో జనం తప్పూ ఉంది, ఒప్పుకుంటాను. చీర నలుగుతుందని, ఫొటో బాగా రాదని విప్పేస్తాం. కానీ చెమట కంపు కొట్టే, పట్టీలు తెగిన జాకెట్ ఇస్తే ఎవరు వేసుకుంటారు? వాటిని ఉతికించండి, తెగినవి పారేయండి, పిల్లల సైజువి విడిగా వేరే రంగులో పెట్టండి. ఇదే చెరువు మీద తెరచాప పడవ నేర్చుకునే పదేళ్ల పిల్లల్ని నేను గట్టు మీద నుంచి చూస్తుంటాను. ఆప్టిమిస్ట్ అనే ఆ చిన్న పడవలో ఒక్కరే కూర్చుంటారు. వాళ్లలో ఒక్కరు కూడా జాకెట్ లేకుండా నీళ్లలోకి దిగరు. వాళ్లకి అది బడికి యూనిఫారం వేసుకున్నట్టు. పిల్లలకి అబ్బిన అలవాటు పెద్దవాళ్లకి అబ్బకపోదు.

ఇంకొకటి, గాలి. ఏప్రిల్, మే నెలల్లో ఎండ కాసి కాసి, సాయంత్రానికి ఆకాశం ఒక పక్క నల్లబడి ఒక్కసారిగా ఈదురుగాలి లేస్తుంది. రెండంతస్తుల పడవకి ఆ గాలి తెరచాపకి కొట్టినట్టే కొడుతుంది. అలాంటి రోజున పడవ కదలాలా వద్దా అన్నది నిర్ణయించాల్సింది సరంగు. కౌంటర్లో కూర్చున్నవాళ్లు కాదు, ఫోన్లో ఉన్న యజమాని కాదు, వీఐపీ గారి పీఏ అసలే కాదు. సరంగు ఆపితే అతని జీతం కోత పడదని, టికెట్ డబ్బులు వెనక్కిస్తారని కాగితం మీద రాసి జెట్టీ దగ్గర అతికించండి. మా నాన్న ఒకసారి గాలి చూసి లాంచీ ఆపితే యజమాని వారం రోజులు పని ఇవ్వలేదు. ఆ వారం మా అమ్మ పక్కింట్లో బియ్యం అప్పు తెచ్చింది. ఆ రోజు ఆ లాంచీ ఎక్కకుండా ఇంటికి వెళ్లిన వాళ్లెవరికీ ఈ సంగతి తెలియదు.

చట్టం లేకపోలేదు. 1917 నాటి పాత చట్టం తీసేసి 2021లో అంతర్గత జలయానాల చట్టం కొత్తగా తెచ్చారు. పడవకి తనిఖీ, రిజిస్ట్రేషన్, బీమా, నడిపేవాళ్ల అర్హత, ప్రాణరక్షణ సామగ్రి అన్నీ అందులో ఉన్నాయి. నేను అడిగేదల్లా ఆ తనిఖీ పత్రాన్ని ఆఫీసు బీరువాలో కాకుండా పడవ గుమ్మం పక్కన తెలుగులో, ఉర్దూలో, పెద్ద అక్షరాల్లో పెట్టమని: ఈ పడవలో కింద ఇంతమంది, పైన ఇంతమంది, చివరిసారి తనిఖీ జరిగిన తేదీ ఇది. ఎక్కేవాళ్లే చదువుకుంటారు, ఎక్కువైతే వాళ్లే దిగుతారు.

కూకట్‌పల్లి నాలా నుంచి వచ్చే మురుగు గురించి, నిమజ్జనాల తర్వాత మిగిలే చెత్త గురించి రాయాలంటే ఇంకో ఉత్తరం అవుతుంది. ఒక్క మాట మాత్రం: మీ పడవ నుంచి ఒక్క విస్తరి కూడా నీళ్లలో పడకూడదు.

ఇక తాడు విప్పే ముందు చెప్పాల్సిన మాటలు. మీకు రాసేవాళ్లు దొరకరని కాదు, రెండు నిమిషాలకి మించదని చూపించడానికి నేనే రాశాను. ఇందులో మార్పులు చేసుకోండి, ఉర్దూ, హిందీ, ఇంగ్లిషుల్లోకి మార్పించుకోండి.

"అందరికీ నమస్కారం. మనం ఇప్పుడు నేల వదిలి నీళ్ల మీదకి వెళ్తున్నాం. ఈ పడవ మీ బరువుని హాయిగా మోస్తుంది, మీరు కూర్చుని ఉన్నంతసేపు. ఏదైనా వింత కనిపిస్తే లేచి ఒక పక్కకి పరిగెత్తకండి. మీకు అన్నీ కనిపించేలా పడవని తిప్పే పూచీ మాది. జాకెట్ మీ సీటు కిందే ఉంది. మా తమ్ముడు వేసుకుని చూపిస్తున్నాడు, చూడండి. పిల్లల జాకెట్లు పసుపు రంగువి, వాళ్లకి ఇప్పుడే వేసేయండి. పడవ ఒరిగినట్టు అనిపిస్తే ఉన్నచోటే కూర్చుని దగ్గరున్నది పట్టుకోండి, రెండో పక్కకి ఉరకకండి. పాట ఆగిపోయి నా గొంతు వినిపించిందంటే నేను చెప్పింది చేయండి. మనం మొత్తం ఇంతమందిమి, అందులో చంటిపిల్లలు ఇంతమంది. ఇంతమందినీ మళ్లీ ఇదే గట్టు మీద దింపుతాను. నా పేరు ఇది, ఈ పడవ సరంగుని నేను."

ఇది చెప్పేది రికార్డు చేసిన గొంతు కాకూడదు. నడిపే మనిషే నిలబడి, ముఖం చూపించి చెప్పాలి. విమానం ఎక్కితే ముగ్గురు నిలబడి బెల్టు ఎలా పెట్టుకోవాలో చూపిస్తారు, వాళ్ల మీద ఎవరూ విసుక్కోరు. మన సరంగు చెబితే జనం వినరని ఎందుకు అనుకోవాలి? లెక్క చెప్పేటప్పుడు అతని గొంతులో వచ్చే బరువు, పేరు చెప్పుకునేటప్పుడు అతని నడుం నిటారుగా అవడం, ఇవి నేను చిన్నప్పుడు చూశాను. ఆ రెండు నిమిషాల వల్ల అతను డ్రైవర్ కాదు, ఆ పడవకి పెద్ద అని ఎక్కినవాళ్లకీ తెలుస్తుంది, అతనికీ గుర్తుంటుంది.

మా వారికి మళ్లీ పడవ ఎక్కాలని ఉంది. నేనే ఇన్నాళ్లూ వాయిదా వేస్తున్నాను. మీరు ఈ మాటలు చెప్పడం మొదలుపెట్టిన వారం, ఇంటిల్లిపాదిమి లుంబినీ పార్కు జెట్టీకి వస్తాం. మేం పదిమందిమి. పదకొండోది మా మనవరాలు, ఇంకా మూడేళ్లు నిండలేదు, దానికి టికెట్ ఉండదు. లెక్కలో మాత్రం వేసుకోండి.

ఇట్లు,
కవాడిగూడ నుంచి
ఒక సరంగు కూతురు